ఫైర్‌ప్లేస్ పక్కనే చలి కొడుతోంది, డాంపర్‌కి ఉన్న ఆ క్లాంప్ పీకెయ్యొచ్చా?

ప్రశ్న: మేం పోయిన వేసవిలో షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నాం. 1987లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫ్యామిలీ రూమ్‌లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది, మా వారు ఇల్లు ఇష్టపడిందే అది చూసి. పాత ఓనర్లు అందులో గ్యాస్‌తో మండే సిరామిక్ దుంగలు పెట్టించారు. తీరా చూస్తే ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది అదే. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు ఫైర్‌ప్లేస్ పక్కనే కుర్చీ వేసుకుంటారు. రెండు జతల సాక్సులు వేసుకున్నా పాదాలు మంచుగడ్డల్లా ఉంటున్నాయంటారు. మంట వెలిగిస్తే ఆ కాసేపు హాయిగానే ఉంటుంది కానీ పైన పిల్లల గదులు చల్లబడిపోతున్నాయి. టార్చి వేసి చూస్తే లోపల చిమ్నీ దారిని తెరిచి మూసే డాంపర్ రేకుకి చిన్న ఇనప క్లాంప్ కనిపించింది. దానివల్లే డాంపర్ పూర్తిగా మూసుకోవడం లేదు. శనివారం ఆ క్లాంప్ పీకేసి, డాంపర్ మూసి, సందుల్లో పాత దుప్పట్లు కుక్కేద్దామంటున్నారు మా వారు. చెయ్యొచ్చా?

సమాధానం:

ముందు ఒక్క మాట. ఆ క్లాంప్ తియ్యొద్దు. ఈ సంగతి మీ వారికి ఇప్పుడే చెప్పేయండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

అది ఎవరో మర్చిపోయి వదిలేసిన సామాను కాదు. కట్టెల ఫైర్‌ప్లేస్‌లో గ్యాస్ దుంగలు పెట్టించినప్పుడు, డాంపర్ ఎప్పటికీ పూర్తిగా మూతపడకుండా కావాలనే అలా బిగిస్తారు. కట్టెల మంటయితే, డాంపర్ తెరవడం మర్చిపోయినా రెండు నిమిషాల్లో గదంతా పొగ కమ్ముతుంది. కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, పరిగెత్తుకెళ్లి తలుపులు తీస్తాం. గ్యాస్ మంటకి ఆ హెచ్చరిక ఉండదు. చిమ్నీ దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తే జలుబో, అలసటో అనుకుని పడుకుంటాం. పిల్లలు ఆడుకుంటూ గ్యాస్ స్విచ్ నొక్కినా, మీ మామగారు చలికి తట్టుకోలేక తనే వెలిగించుకున్నా ప్రాణాలు కాపాడేది ఆ చిన్న ఇనప ముక్కే. దుప్పట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్ద మంటని అంటించే చిన్న పైలట్ మంట రోజంతా వెలుగుతూ ఉండే రకమైతే ఆ గూట్లో గుడ్డలు కుక్కడమంటే నిప్పు పక్కన దూది పెట్టడమే.

ఈ రోజే మరో పని చెయ్యండి. ఇంట్లో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారాలు గోడ నుంచి తీసి వెనక తేదీ చూడండి. ఇల్లినాయ్ చట్టం ప్రకారం 2007 నుంచీ ప్రతి పడకగదికీ 15 అడుగుల లోపు ఒకటి ఉండి తీరాలి. కానీ పాత ఓనర్లు పెట్టినవి ఇంకా పనిచేస్తున్నాయని గ్యారంటీ లేదు. ఆ అలారాలకి కాలం చెల్లే తేదీ ఉంటుంది, అది దాటితే బటన్ నొక్కినప్పుడు కూత వినిపించినా నమ్మడానికి లేదు. మీ మామగారు కింద గదిలో పడుకుంటుంటే అక్కడా ఒకటి పెట్టండి.

ఇక మీ అసలు బాధకి వద్దాం. వెచ్చదనం కోసం కట్టిన చోటే చలి ఎందుకు కొడుతుంది?

మీ ఇంట్లో ఊదుబత్తులు ఉంటాయి కదా, ఒకటి వెలిగించండి. గ్యాస్ మంటా, ఉంటే పైలటూ ఆపేసి, గ్యాస్ వాసన ఏమీ లేదని చూసుకున్నాకే ఈ పని. ఊదుబత్తిని ఫైర్‌ప్లేస్ నోటి ముందు, నేలకి జానెడు ఎత్తులో కదలకుండా పట్టుకోండి. గాలిలేని చోట పొగ సన్నటి దారంలా నిటారుగా లేస్తుంది. ఇక్కడ అలా లేవదు. చాలా రాత్రుల్లో ఆ దారం మీ వైపు వంగి, నేల మీద పాకుతూ సోఫా కిందకి పోతుంది. అదే మీ మామగారి పాదాల మీదుగా వెళ్లే గాలి. చల్లటి గాలి బరువు. మీ చిమ్నీ బయటి గోడకి ఆనుకుని కట్టింది అయ్యుంటే, మూడు వైపులా మంచు తగిలి దానిలోని గాలి చల్లబడి, నూతిలోకి బొక్కెన దిగినట్టు కిందకి దిగి నేల మీద పరుచుకుంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి తల దగ్గర ఏమీ తెలియదు, పాదాలు మాత్రం కొయ్యబారిపోతాయి.

అదే ఊదుబత్తితో ఫైర్‌ప్లేస్ చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి. ఇటుకకీ గోడకీ మధ్య గీతలా కనిపించే సందు, ఫైర్‌ప్లేస్ పైన ఉండే మాంటెల్ చెక్క కింద, గ్యాస్ పైపు లోపలికి వచ్చే కంత దగ్గర, ఒక్కోచోట ఆగి చూడండి. పొగ ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మీ వారిని వంటింట్లో స్టవ్ మీది ఎగ్జాస్ట్ హుడ్ ఫుల్ స్పీడులో పెట్టమనండి. మళ్లీ ఫైర్‌ప్లేస్ దగ్గర పొగ చూడండి. చాలామంది ఇళ్లలో అసలు గుట్టు ఇక్కడే బయటపడుతుంది.

పోపు ఘాటు, చేపల పులుసు వాసన ఇంట్లో నిలవకూడదని మన తెలుగు ఇళ్లలో పెద్ద హుడ్ పెట్టించుకుంటాం. అది నిమిషానికి 600, 900 ఘనపు అడుగుల గాలిని బయటికి తోసేస్తుంది. అంత గాలి బయటికి పోతే అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద కంత చిమ్నీయే, కాబట్టి అక్కడి నుంచే వస్తుంది. మా ఇంట్లో కొన్నేళ్లు సాంబారుకి పోపు పెట్టినప్పుడల్లా హాల్లో తడిసిన బొగ్గు వాసన వచ్చేది. కారణం ఈ హుడ్డేనని తెలుసుకోవడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది. బట్టలారేసే డ్రయ్యర్, బాత్‌రూమ్ ఫ్యాన్లు కూడా ఇదే పని చేస్తాయి. 400 ఘనపు అడుగులు దాటిన హుడ్‌కి బయటి గాలి రావడానికి వేరే దారి ఉండాలని అమెరికా ఇళ్ల కోడ్ చెబుతుంది. పాత ఇళ్లలో తర్వాతెప్పుడో హుడ్ మార్చినప్పుడు దాని గురించి ఎవరూ పట్టించుకోరు. మీకు అలాంటి హుడ్ ఉంటే ప్రస్తుతానికి రెండు పనులు చెయ్యండి. హుడ్ నడిచేటప్పుడు వంటింటి కిటికీ ఒక అంగుళం తీసి ఉంచండి. ఫైర్‌ప్లేస్‌లో గ్యాస్ మంట వెలుగుతున్నప్పుడు హుడ్‌ని ఎప్పుడూ ఫుల్ స్పీడులో నడపకండి, పొగ పైకి పోకుండా వెనక్కి ఇంట్లోకి తిరిగే ప్రమాదం ఉంది.

మంట వేస్తే పైగదులు చల్లబడటం గురించి రాశారు. అది మీ భ్రమ కాదు. మంట దగ్గర కూర్చున్నవాళ్లకి ముఖం మీద పడే వేడి నిజమే, కానీ ఆ మంట గదిలోని వెచ్చటి గాలిని పీల్చి చిమ్నీ గుండా బయటికి పంపేస్తుంది. పాత పద్ధతి ఓపెన్ ఫైర్‌ప్లేస్ నిమిషానికి 300 ఘనపు అడుగుల దాకా గాలిని అలా లాగేస్తుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మీ ఫ్యామిలీ రూమ్ 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉందనుకుంటే, డబ్బు పెట్టి వేడిచేసుకున్న ఆ గది గాలంతా ఎనిమిది నిమిషాల్లో ఆకాశంలోకి పోతుందన్నమాట. దాని బదులు కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి చలిగాలి ఇంట్లోకి వస్తుంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

దీనికి తోడు, ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌ని ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్ సంగతి ఒకటుంది. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31 నమోదైంది, మీరప్పటికి ఇక్కడికి వచ్చారో లేదో. ఆ రాత్రి మేమందరం మంట ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మా థర్మోస్టాట్ కూడా ఆ గదిలోనే ఉండేది. మంట వేడికి అది ఇల్లంతా వెచ్చగా ఉందనుకుంది, ఫర్నేస్ ఆన్ కాలేదు. పడుకుందామని పైకి వెళ్లేసరికి మా అమ్మాయి గదిలో 54 డిగ్రీల ఫారన్‌హీట్. పక్క బట్టలు ముట్టుకుంటే తడిసినట్టు అనిపించాయి. ఆ రాత్రి పిల్లని మా మధ్య పడుకోబెట్టుకుని నేను నిద్రపోలేదు. అప్పటినుంచి గట్టి చలి రాత్రుల్లో మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ వెలిగించం. అది పండగరోజు ముచ్చటకే, ఇల్లు వేడెక్కించేది ఫర్నేసే. మీకూ ఇదే చెబుతాను.

మరి మీ ఇంట్లో ఏం చెయ్యాలి? ఆ గ్యాస్ దుంగలు మీకు కావాలా, వద్దా అన్నది ముందు తేల్చుకోండి. దాన్నిబట్టి దారి మారుతుంది.

వద్దనుకుంటే పని తేలిక. లైసెన్స్ ఉన్న ప్లంబర్‌ని పిలిచి గ్యాస్ లైన్‌ని ఆపించి, పైపుకి గట్టిగా క్యాప్ వేయించి, దుంగలూ బర్నరూ తీయించేయండి. గ్యాస్ వాల్వ్ తాళం తిప్పి ఆపేస్తే చాలదు, క్యాప్ పడాలి. అది అయ్యాక మాత్రమే క్లాంప్ తియ్యొచ్చు, డాంపర్ మూసుకోవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ల పైబడిన ఇనప డాంపర్ తుప్పుపట్టి, వంకరపోయి ఉంటుంది, దాని అంచుల్లో చిమ్నీ నుంచి రాలిన సిమెంట్ పెళ్లలు చేరి ఉంటాయి. మూసినా గాలి వస్తూనే ఉంటుంది. అందుకని దాని కింద ఒక అడ్డు పెట్టాలి. ఇందుకోసమే చేసిన గాలిబుడగలు దొరుకుతాయి, ఊది చిమ్నీ గొంతులో ఇరికించడమే. గొర్రె ఉన్నితో చేసిన దళసరి బిళ్లలు కూడా ఉన్నాయి, పిడి పట్టుకుని పైకి నెడితే సరిపోతుంది. నాకు ఉన్నివే నచ్చాయి. చిమ్నీ లోపలి కొలత ఎప్పుడూ సరిగ్గా చదరంగా ఉండదు, ఉన్ని దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. కొనేముందు ఫైర్‌ప్లేస్ నోటి కొలత కాకుండా, లోపల అది పెట్టే చోట కొలవండి. ఏది పెట్టినా, దాన్నుంచి ఒక ఎర్ర రిబ్బన్ బయటికి వేలాడేటట్టు కట్టండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా తెలియక మంట వెయ్యబోతే ఆ రిబ్బనే ఆపుతుంది.

కావాలనుకుంటే, ఆ దుంగల్ని అలాగే ఉంచి చలిని పూర్తిగా ఆపడం కుదరదు. క్లాంప్ ఉన్నంతకాలం పైన కంత ఉంటుంది, ఆ కంత ఉండాలి కూడా. ఫైర్‌ప్లేస్ నోటికి బిగుతైన గాజు తలుపులు పెట్టించుకుంటే వెలిగించని వేళల్లో గాలి బాగా తగ్గుతుంది. మీ దుంగలకి అవి సరిపోతాయో లేదో టెక్నీషియన్‌ని అడగండి. వెలిగించేటప్పుడు తలుపులు పూర్తిగా తీసి, ఆర్పాక చల్లారనిచ్చి మూయాలి.

నా సలహా అడిగితే, డబ్బు కుదిరినప్పుడు ఆ దుంగల స్థానంలో డైరెక్ట్ వెంట్ గ్యాస్ ఇన్‌సర్ట్ పెట్టించండి. మీ ఇటుక గూట్లో సరిపోయే మూసిన ఇనప పెట్టె అది, ముందు గాజు. చిమ్నీలోంచి రెండు గొట్టాలు దించుతారు. మంటకి కావాల్సిన గాలి ఒక గొట్టంలో బయటినుంచే వస్తుంది, పొగ రెండోదాంట్లో బయటికి పోతుంది. ఇంట్లో గాలితో దానికి పనే లేదు. గది వెచ్చబడుతుంది, పైగదులు చల్లబడవు. కొన్ని వేల డాలర్ల ఖర్చు, కాదనను. కానీ మీ వారు ముచ్చటపడిన మంట ఉంటుంది, మీ మామగారికి చలీ ఉండదు. కొటేషన్ తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వెయ్యండి: గొట్టాలు పైకి వెళ్లేచోట వాటి చుట్టూ ఖాళీని మూసే రేకు (బ్లాక్-ఆఫ్ ప్లేట్) వేసి, మంటకి అంటుకోని రాతి ఉన్ని (రాక్‌వుల్) పెడతారా? కొందరు ఆ పని వదిలేస్తారు. అప్పుడు ఇన్‌సర్ట్ అంచుల చుట్టూ మళ్లీ పాత చలే. ఇంకో సంగతి, దాని గాజు విపరీతంగా వేడెక్కుతుంది. 2015 నుంచి దాని ముందు రక్షణ తెర తప్పనిసరి చేశారు. మంట అందంగా కనబడటం లేదని ఆ తెర తీసెయ్యకండి, ఇంట్లో పిల్లలున్నారు.

పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్న సందుల సంగతి ఈ నిర్ణయం కోసం ఆగక్కర్లేదు, వచ్చే వారమే చేసుకోవచ్చు. ఇటుకకీ గోడకీ మధ్య సందులో మంట వేడికి తట్టుకునే ఫైర్-రేటెడ్ కాక్ (సందులు పూడ్చే పేస్టు) వెయ్యండి. గ్యాస్ పైపు కంత మంట మండే గూడు (ఫైర్‌బాక్స్) లోపల ఉంటుంది కాబట్టి అక్కడ ఫర్నేస్ సిమెంట్ లాంటిదే వాడాలి, ఆ పని టెక్నీషియన్‌కి వదిలెయ్యండి. డబ్బాలో దొరికే మామూలు స్ప్రే ఫోమ్ మాత్రం ఫైర్‌ప్లేస్ దరిదాపుల్లో వాడొద్దు, అది అంటుకుంటుంది. నేల ఇటుకల్లో బూడిద తోసే చిన్న ఇనప తలుపు ఉందేమో, దుంగల కింద ఇసుకలో దాగి ఉందేమో కూడా చూడమనండి. దాని రెండో కొస బేస్‌మెంట్‌లోనో, బయటి గోడకో ఉంటుంది. ఆ కింది తలుపు వదులుగా ఉంటే చలిగాలి నేరుగా పైకి తన్నుకొస్తుంది.

అటక కూడా చూడాలి. చిమ్నీకీ చెక్క చట్రానికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ వదిలి కడతారు, అగ్గి అంటుకోకుండా. అటకలోకి తెరుచుకున్న ఆ ఖాళీలోంచి ఇంట్లో వేడి పైకి పోతుంది, పోతూ కింద చలిని లాగుతుంది. దాన్ని రేకుతో, వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూస్తారు. ఇన్సులేషన్ దూదిని అందులో కుక్కకూడదు. అటక మూత చుట్టూ రబ్బరు పట్టీ వేస్తే కింద ఫైర్‌ప్లేస్ దగ్గర చలి తగ్గుతుందంటే వింతగా అనిపిస్తుంది, కానీ తగ్గుతుంది. పైన వేడి బయటికి పోయే దారి మూస్తే కింద చలి లోపలికొచ్చే వేగం తగ్గుతుంది. ఇల్లు మొత్తం ఎక్కడెక్కడ కారుతోందో తెలియాలంటే ఎనర్జీ ఆడిట్ చేయించుకోండి. ముందు గుమ్మానికి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి లాగుతారు, దాన్ని బ్లోయర్ డోర్ పరీక్ష అంటారు. అయితే మీ ఫైర్‌ప్లేస్ సంగతి వాళ్లకి ముందే చెప్పి గ్యాస్, పైలట్ ఆర్పించండి.

ఇన్ని చేసినా ఇటుకలు చల్లగానే తగులుతాయి, దానికి కంగారుపడకండి. వేడి దాటిపోకుండా ఎంత ఆపుతుందో చెప్పే లెక్కని ఆర్-వాల్యూ అంటారు, నాలుగు అంగుళాల ఇటుకకి అది 1 కూడా ఉండదు. పక్కనున్న ఇన్సులేషన్ గోడకి 11, 13 ఉంటుంది. గాలి ఆగాక ఆ చల్లదనం దగ్గరగా కూర్చుంటేనే తెలుస్తుంది.

కట్టెలే కాల్చే ఫైర్‌ప్లేస్ ఉన్న మిగతా పాఠకులకి కూడా రెండు మాటలు. మీ ఇబ్బంది వేరు. మంట ఆరిందనుకున్నా నిప్పులు బతికే ఉంటాయి కాబట్టి రాత్రంతా డాంపర్ తెరిచే ఉంచాలి, ఆ రాత్రంతా వేడి పోతూనే ఉంటుంది. అందుకే మంట సాయంత్రం త్వరగా వేసి త్వరగా ముగించండి. వేసినప్పుడు ఆ గది తలుపులు మూసి, దగ్గరి కిటికీ అంగుళం తీసి, థర్మోస్టాట్ 50, 55 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యకి దించండి. మంటకి కావాల్సిన గాలి ఆ కిటికీ నుంచి వస్తుంది, ఇంటి వేడి మిగులుతుంది. డాంపర్ పాడైతే చిమ్నీ శిఖరాన రబ్బరు అంచుతో బిగుతుగా మూసుకునే టాప్ డాంపర్ వేయించుకోండి, స్టీలు తీగ లాగితే కిందనుంచే తెరుచుకుంటుంది. ఏటా ఒకసారి చిమ్నీ చూపించుకోండి. బూడిద మూతున్న ఇనప డబ్బాలో ఇంటికి పది అడుగుల దూరంలో పెట్టండి, ఆ నిప్పు రోజుల తరబడి చావదు.

ఈ చలితో మనుషులు చాలాకాలంగా పోరాడుతున్నారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల్లో ఈ ఓపెన్ ఫైర్‌ప్లేస్‌ల బాధ పడలేకే ఇనప పొయ్యి తయారుచేసి, 1744లో దాని గురించి చిన్న పుస్తకం అచ్చువేశాడు. పేటెంట్ ఇస్తామన్నా తీసుకోలేదు. మంటని ఇనప పెట్టెలో పెట్టాలన్న ఆ ఆలోచనే మీకు నేను చెప్పిన ఇన్‌సర్ట్‌లోనూ ఉంది.

ఇవన్నీ జరిగేలోపు మీ మామగారి కుర్చీ అక్కడినుంచి మార్చండి. లోపలి గోడ వైపు, ఫర్నేస్ వేడిగాలి వచ్చే జాలీకి దగ్గరగా వెయ్యండి, కాళ్ల కింద మందపాటి రగ్గు పరవండి. అందరూ పడుకున్నాక రూమ్ హీటర్ నడవనివ్వొద్దు. పగలు పెడితే కుర్చీకి, కర్టెన్లకి మూడు అడుగుల దూరం ఉంచి, ఎక్స్‌టెన్షన్ తీగ లేకుండా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. పెద్దాయనకి మంట చూస్తూ కూర్చోవాలని ఉంటే కుర్చీని ఆ గదిలోనే ఏటవాలుగా, ఓ ఎనిమిది అడుగుల దూరంగా తిప్పండి. నేల మీద పాకే గాలి అంత దూరం వచ్చేసరికి బలం తగ్గుతుంది. ఊదుబత్తి పట్టుకుని ఎక్కడ పొగ నిటారుగా లేస్తుందో చూసి, సరిగ్గా అక్కడే వెయ్యండి.